నెమలికొండ మీద ఊదానీడ

అనగనగా ఒక రాజ్యం. అక్కడ కళ్లున్నవాళ్లు కోకొల్లలు, చూపున్నవాళ్లు బహు కొద్దిమంది. దాన్ని ఏలే ఉదయసేన మహారాజు గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, సింహాసనం దిగలేకుండా ఉన్నాడు.

కోటగోడకు రాయి కావాల్సి వచ్చింది. నెమలికొండను పగలగొట్టిద్దామన్నారు మంత్రులు. రాజు ఆ కొండను ఎన్నడూ చూసి ఎరగడు. "బొమ్మ వేయించి తెండి. చూశాక చెబుతాను" అన్నాడు.

ఆ పని కువలయకు అప్పగించారు. ఆమె ఆ కొండ కిందే పుట్టి పెరిగిన చిత్రకారిణి. తెల్లవారగానే కొండ ఎదుట కూర్చుని, అవిసెనూనెలో నూరిన రంగులను చిక్కగా, చుక్కలు చుక్కలుగా, బిగించిన గుడ్డ మీద అద్దింది. ఎండ మారేలోగా ముగించాలి మరి! ఆకులు గీయలేదు, ఆకుల మీది వెలుగును అద్దింది. నీడకు ఊదారంగు వేసింది, ఆమెకు అలాగే కనబడింది కనుక.

అయితే ఆ కొలువులో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. ఏ బొమ్మనైనా ఆస్థాన పరీక్షకుడు సూక్ష్మదర్శి జానెడు దూరం నుంచి చూసి సరేననాలి. అతగాడు ముక్కు ఆనించినంత పని చేసి, "ఇవేం మచ్చలమ్మా? ఆకులేవీ?" అన్నాడు.

కువలయకు ఒళ్లు మండింది. అయినా కొండ కోసం పళ్లు బిగబట్టి ఆకు ఆకూ గీసింది. వెలుగు సగం చచ్చింది.

సూక్ష్మదర్శి మళ్లీ చూశాడు. "నీడ ఊదాగా ఉంటుందా ఎక్కడైనా? నల్లగా పూయి!"

పూసింది. కొండ కాస్తా బొగ్గులకుప్ప అయి కూర్చుంది. ఆ బొమ్మను చూసుకుంటే ఆమెకు అతని మీదకన్నా తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. "నా చేత్తో నేనే దీన్ని చంపుకున్నానే!" అనుకుంది. అప్పటికే రాళ్లు కొట్టేవాళ్లు గునపాలతో వచ్చి కొండ కింద కాచుకుని ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే కొత్త గుడ్డ బిగించి మళ్లీ కూర్చుంది. కోపం చల్లారకపోయినా చూపు తప్పలేదు. కనబడిందే అద్దింది. రంగు ఆరకముందే బొమ్మ ఎత్తుకుని, పరీక్షకుడి గడప తొక్కకుండా తిన్నగా కొలువుకే పోయింది.

"ఆగు! నేను చూడనిదే గుమ్మం దాటావో, తల తీయిస్తాను!" అని వెంటపడి వస్తూ అరిచాడు సూక్ష్మదర్శి.

"ఆగానయ్యా! నీ మాట వినడం ఇదే ఆఖరు" అని కువలయ గుమ్మంలోనే నిలబడి బొమ్మ పైకెత్తింది.

రాజు సభకు ఆ చివర, సింహాసనం మీద ఉన్నాడు. అంత దూరానికి మచ్చలు కనబడలేదు. పొద్దుటి ఎండ కాస్తున్న కొండ కనబడింది.

సూక్ష్మదర్శి పరుగున వెళ్లి పచ్చిరంగు మీద వేలు పెట్టి, ఆ వేలు పైకి చూపించాడు. "చూడండి ప్రభూ! ఉత్త మచ్చలు!"

"వేలు తియ్యి!" రాజు గర్జించాడు. "నువ్వు చూసే చోటి నుంచి చూసి ఉంటే, ఇంత కొండను పిండి చేయించి ఉండేవాణ్ణి కదరా! గునపాలు వెనక్కి పంపండి. ఈ జానెడు ఆచారం నేటితో సరి!"

కువలయ రాజుకు దండం పెట్టింది. సూక్ష్మదర్శి వంక మాత్రం చూడనైనా చూడలేదు.

అందుకే పిల్లలూ, ఎక్కడ నిలబడి చూడాలో తెలియనివాడి మెప్పు కోసం, కళ్లారా చూసిన నిజాన్ని చెరుపుకోకూడదు.