కోదండపాణి, పిల్లి, చేపల టిన్ను

నరసరావుపేటలో ఫోటో స్టూడియో నడుపుకునే కోదండపాణికి, ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే కోపం ముంచుకొచ్చేది. మిగతా సగం అతను ఎప్పుడూ వినేవాడు కాదు. మనసు చెడ్డది కాదు. వానలో తడుస్తూ కాలవ పక్కన అరుస్తున్న పిల్లికూనను జేబురుమాలులో చుట్టి ఇంటికి తెచ్చింది అతనే. గుండ్రంగా, బంగారు రంగులో ఉందని దానికి బూరె అని పేరు పెట్టింది అతని భార్య అనసూయ.

అది పెద్దదయ్యాక ఒకరోజు, స్టూడియోలో ఫోటోలకు వెనక కట్టి నేలమీదికి పరిచిన కొత్త తెర మీద బూరె మూత్రం పోసింది. మర్నాడు మళ్ళీ అక్కడే కూర్చుంది. కోదండపాణి చేతికందిన చెప్పు విసిరాడు. పిల్లి కుర్చీ కిందికి దూరింది.

"కొట్టకండి. దానికేదో బాగాలేదు. పొద్దుటినుంచీ ఎన్నిసార్లు కూర్చున్నా రెండు చుక్కలు కూడా..." అంటోంది అనసూయ.

"నీ గారాబమే దీన్ని ఇలా తయారుచేసింది" అని అతను పిల్లిని పెరట్లోకి నెట్టి తలుపు వేశాడు.

సాయంత్రానికి బూరె ముడుచుకుని పడుకుంది. పాలు పెట్టినా తల ఎత్తలేదు. పొట్ట ముట్టుకుంటే మూలిగింది. అప్పుడు కోదండపాణికి భయం వేసింది. దాన్ని బుట్టలో పెట్టుకుని, అనసూయను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని పశువుల డాక్టరు శ్యామల దగ్గరికి పరిగెత్తాడు.

ఆమె మత్తు ఇచ్చి, సన్నని గొట్టం వేసి, ఆగిపోయిన మూత్రం తీసింది.

"మగపిల్లులకు ఇది ప్రమాదం. మూత్రంలో ఇసుకలాంటి రవ్వలు చేరి దారి మూసేస్తాయి. ఇంకాస్త ఆలస్యమైతే చనిపోయేది. ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

ఆ ప్రశ్న కోదండపాణికి నిందలా వినిపించింది. "మేమేం కావాలని చంపుకుంటామా?" అన్నాడు.

"నేనలా అనలేదండీ. ఇకనుంచి ప్యాకెట్లో వచ్చే ఎండు గింజల్లాంటి పిల్లి మేత మానేయండి. తడిగా ఉండే టిన్ను ఆహారం పెట్టండి, ఒంట్లోకి నీరు చేరుతుంది. అయితే ఏ టిన్ను పడితే అది..."

"టిన్ను ఆహారం. అంతేగా, అర్థమైంది" అని అతను బుట్ట అందుకుని బయటికి నడిచాడు.

మర్నాడు జాకబ్ గారి కిరాణా షాపుకు వెళ్ళాడు. ఒక అరలో కుక్కలకూ పిల్లులకూ పెట్టే ఆహారం ఉంది. పక్క అరలో మనుషులు తినే చేపల టిన్నులు ఉన్నాయి. జాకబ్ దగ్గరికొచ్చి, "పిల్లికా సార్? ఒంట్లో ఏమైనా బాగాలేదా? దాన్నిబట్టి..." అన్నాడు.

"నా పిల్లి సంగతి నీకెందుకయ్యా? నువ్వేమైనా డాక్టరువా?" అని కోదండపాణి అందరిముందూ కసిరాడు. మనుషులు తినేదైతే పిల్లికి ఇంకా మంచిదనుకుని, పెద్ద చేప బొమ్మ ఉన్న టిన్నులు సంచిలో వేసుకున్నాడు.

బూరె గిన్నె నాకి నాకి తింది. కోదండపాణి మురిసిపోయాడు. అనసూయ ఒక ముక్క నోట్లో వేసుకుని చూసింది. "మరీ ఉప్పగా ఉందండీ. డాక్టరమ్మను ఒక్కమాట అడుగుదాం" అంది.

"అడిగి మళ్ళీ ఆవిడతో మాటలు పడమంటావా?" అని అతను ఆ మాట అక్కడే తుంచేశాడు.

వారం తిరక్కుండానే బూరెకు మళ్ళీ మూత్రం ఆగిపోయింది. ఈసారి వాంతులు కూడా చేసుకుంది. కోదండపాణి ఒక చేత్తో బుట్ట, ఇంకో చేత్తో ఖాళీ టిన్ను పట్టుకుని ఆస్పత్రిలోకి దూసుకెళ్ళాడు. అనసూయ వెనకే వచ్చింది.

"మీరు చెప్పినట్టే చేశాను. ఇదేనా మీ వైద్యం?" అని టిన్నును బల్లమీద కొట్టాడు.

శ్యామల ముందు పిల్లిని లోపలికి తీసుకెళ్ళింది. చాలాసేపటికి బయటికొచ్చి టిన్ను చేతిలోకి తీసుకుంది. ఆమె ముఖం కూడా ఎర్రబడింది.

"ఇది మనుషులు తినే చేప. ఉప్పునీళ్ళలో నిలవ చేసింది. ఇందులో పిల్లికి కావలసినవన్నీ ఉండవు. మూత్రంలో రవ్వలు చేరకుండా తయారుచేసిన టిన్ను వేరే ఉంటుంది. ఆరోజు అదే చెప్పబోయాను. మీరు లేచి వెళ్ళిపోయారు."

"ఆ షాపువాడు..." అని కోదండపాణి మొదలుపెట్టి ఆగిపోయాడు. షాపువాడు అడిగాడు. అనసూయ చెప్పింది. ఇప్పుడు ఎవరిమీద అరవాలో అతనికి తెలియలేదు.

అప్పుడు అనసూయ నోరు విప్పింది.

"అది నోరులేనిది. తనకొచ్చిన బాధ చెప్పుకోలేక తెరమీద కూర్చుంది. చెప్పు విసిరారు. నాకు నోరుంది. రెండుసార్లు చెప్పాను. నన్నూ దానిలాగే చూశారు. మీ కోపం మీకు ఒక్క నిమిషం. దాని కింద పడి నలిగేది మేము."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అతనితో అలా మాట్లాడలేదు. కోదండపాణి ఆ మాట చివరిదాకా విన్నాడు. తర్వాత బల్ల ముందు కూర్చుని, "డాక్టరమ్మా, ఆరోజు మీరు చెప్పబోయింది మళ్ళీ చెప్పండి" అన్నాడు. ఆమె చెప్పినంతసేపూ మధ్యలో ఒక్క మాట అనలేదు.

అక్కడినుంచి తిన్నగా జాకబ్ దగ్గరికి వెళ్ళాడు. అందరిముందూ కసిరినవాడు అందరిముందే తప్పు ఒప్పుకున్నాడు. పిల్లి జబ్బేమిటో చెప్పాడు. ఆ రకం టిన్ను గుంటూరునుంచి తెప్పించాలని, ఈలోగా ఏం పెట్టాలో డాక్టరమ్మనే అడగమని జాకబ్ చెప్పాడు. కోదండపాణి అలాగే చేశాడు.

బూరె బతికింది. సరైన ఆహారం తిని మెల్లగా కోలుకుంది. కాని కోదండపాణి గొంతు వినబడితే చాలు, లేచి అనసూయ దగ్గరికి వెళ్ళిపోయేది. అతను పిలిచినా చాలాకాలం రాలేదు. అందుకు కోప్పడే హక్కు తనకు లేదని అతనికి తెలుసు.

నీతి: మాట పూర్తిగా వినకముందే కోప్పడేవాడు, తననే నమ్ముకుని బతికేవాళ్ళకు ముందుగా హాని చేస్తాడు, అందుకే ఎంత కోపం వచ్చినా, ఎదుటివారి మాట చివరిదాకా వినాలి.