ముప్పై రెండు బురుజుల భోజనం

వికారి నామ సంవత్సరం, శ్రావణ మాసం, వానలు పట్టుకున్న రోజులు. నెమలికొండ అనే ఒకానొక రాజ్యంలో పట్టపు గుర్రం రాజుగారిని చూడగానే నేలమీద కూర్చుంది.

అంతకు ముందు అది ఎన్నడూ అలా కూర్చోలేదు. గుర్రం కూర్చుంటుందని ఆ ఊళ్లో చాలామందికి తెలియనే తెలియదు.

ఆ రాజు పేరు ఉద్దండ భూపాలుడు. విజయదశమి నాడు రాజు గుర్రమెక్కి పొలిమేర దాకా వెళ్లి జమ్మిపూజ చేయడం ఆ వంశాచారం. నడిచి వెళ్లిన రాజు ఆ వంశంలో లేడు. పండగ ఇంకా డెబ్బై రోజులుంది.

కోటలో తూనికలు చూసే తిప్పనను పిలిపించారు. ఏనుగుల మేతను తూచే పెద్ద త్రాసు వాడి చేతిలో ఉండేది. వాడి తాత, తండ్రి కూడా ఆ త్రాసు పట్టినవాళ్లే. తిప్పన మొండివాడు. త్రాసు ఏం చెబితే అదే చెబుతాడు, ఎవరి మొహమూ చూడడు.

రాజుగారిని ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, రెండో పళ్లెంలో రాళ్లు వేశాడు.

"తొమ్మిది మణుగులు, ప్రభూ."

సభ నేల చూపులు చూసింది. ఆస్థాన వైద్యుడు పేరుభట్టు మాత్రం శాలువా సర్దుకుని లేచాడు.

"దీనికింత ఆలోచనా మహారాజా? పరుగెత్తండి. ఎండకు వెన్న కరిగినట్టు కొవ్వు కరుగుతుంది."

"మరి భోజనం?" అన్నాడు రాజు, కొంచెం భయంగా.

"భోజనం జోలికి పోనక్కర్లేదు."

సభంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఎందుకంటే ఆ కోటలో భోజనం మామూలు భోజనం కాదు. రాజుగారి ముత్తాత రాగిరేకు మీద శాసనం చెక్కించాడు. రోజుకు ముప్పై రెండు వంటకాలు వండాలి, వండేవాటిలో ఒక్కటి తగ్గినా వంశానికి తలవంపు, రాజు వరుస తప్పకుండా తినాలి.

మర్నాటి నుంచి రాజు పరుగు మొదలుపెట్టాడు. కోటగోడకు ముప్పై రెండు బురుజులు. రోజూ పొద్దున్నే గోడ చుట్టూ ఒక చుట్టు. వెనక గొడుగువాడు, వింజామరల వాళ్లు, బిరుదులు చదివే వంది. నాలుగో బురుజు దగ్గరకొచ్చేసరికి వంది ఊపిరందక సగం బిరుదులు మింగేసేవాడు. అయినా రాజు ఆగలేదు. ఆ మాట ఒప్పుకోవాలి, నెల రోజులు నిజంగానే పరుగెత్తాడు. తిరిగొచ్చి, పరుగెత్తిన వాడికి బలం కావాలని ముప్పై రెండూ రెండేసి మార్లు వడ్డించుకున్నాడు.

శ్రావణ అమావాస్యనాడు మళ్లీ తూచారు.

"తొమ్మిది మణుగుల మూడు వీశెలు," అన్నాడు తిప్పన. మణుగుకు ఎనిమిది వీశెలు.

"సరిగ్గా చూడవయ్యా," అన్నాడు పేరుభట్టు.

"చూశాను స్వామీ. మీరు కూడా వచ్చి చూడండి. పళ్లెంలో చెయ్యి పెట్టకుండా చూడండి."

రాజు మొహం ఎర్రబడింది. "నెల రోజులు పరుగెత్తితే పెరుగుతానా? నీ త్రాసుకు మతి పోయింది."

"త్రాసు బాగానే ఉంది ప్రభూ. కంచం మారకుండా ఉత్త పరుగుతో ఒళ్లు తగ్గదు."

తిప్పన ఆ మాట అన్నాక గానీ అనకుండా ఉండాల్సిందని తెలుసుకోలేదు. రాజు సింహాసనం మీద నుంచి ముందుకు వంగాడు.

"అయితే విను. విజయదశమికి నలభై రోజులుంది. వంటకం ఒక్కటి కూడా తగ్గించను, పరుగే నమ్ముకుంటాను. ఆ రోజు నేను తగ్గితే నువ్వు అబద్ధాలకోరువి. తగ్గకపోతే నీ త్రాసు అబద్ధాలకోరు. ఏదైనా సరే, త్రాసు కరిగించేస్తాం, నువ్వు పొలిమేర దాటిపోతావు."

ఇంటికొచ్చి తిప్పన వసారాలో గుంజకు ఆనుకుని కూలబడ్డాడు. మధ్యాహ్నం దాటింది. భార్య సూరమ్మ సంగతంతా విని, "అయితే గిన్నెలు మూట కట్టమంటావా?" అంది.

"తగ్గినా తప్పే, తగ్గకపోయినా తప్పే. ఇదేం తీర్పే?"

"రాజును పట్టుకుని నువ్వు లావైపోయావంటే ఇంకేం తీర్పిస్తాడు? లేచి అన్నం తిను."

"ఇక్కడికి తీసుకురా."

"తేను. వంటింట్లో ఉంది, కావాలంటే లేచి రా."

తిప్పనకు కోపం వచ్చింది. లేవలేదు. పొద్దుగూకే దాకా అలాగే ఆకలితో కూర్చున్నాడు. అన్నం పది అడుగుల దూరంలో ఉంది, కుండ నిండా ఉంది, ఎవరూ తగ్గించలేదు. అయినా కడుపు ఖాళీ. ఆ సంగతే నెమరేస్తూ నెమరేస్తూ ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"ఇప్పటికి లేచావా?" అంది సూరమ్మ.

"అన్నం తర్వాత. ముందు రాజుగారిని చూడాలి," అని చెప్పులు తొడుక్కున్నాడు.

కొలువులో చేతులు కట్టుకుని నిలబడి అన్నాడు: "ప్రభూ, వైద్యులవారి మాటే నిజమనుకుందాం. అప్పుడు పరుగుకు ఇంకా మర్యాద చేయాలి కదా. వంటకం ఒక్కటీ తగ్గించొద్దు. ముప్పై రెండు వంటకాలు, ముప్పై రెండు బురుజులు. శాసనంలోని వరుసలో బురుజుకొకటి పెట్టిద్దాం. పరుగెత్తి చేరుకున్నది ప్రభువులది. నడిచినా, ఎవరితోనైనా తెప్పించుకున్నా అది ఆ బురుజు కావలివాళ్లది."

"దినమూ చుట్టూ పరుగెత్తేవాణ్ణి, నాకిదొక లెక్కా?" అన్నాడు రాజు. పేరుభట్టు కూడా తల ఊపాడు. సభ ముందు మాట ఖాయమైంది.

మర్నాడు మొదటి బురుజు మీద పప్పన్నం. రాజు కడుపారా తిని పరుగందుకున్నాడు. రెండో బురుజు మీద పులిహోర. మూడోచోట గుత్తివంకాయ. నాలుగో బురుజుకు డొక్కలో నొప్పి మొదలైంది. ఐదో బురుజు మీద గారెలు తిని మెట్ల మీద కూర్చుండిపోయాడు. పన్నెండో బురుజు మీది బొబ్బట్ల వాసన గాలికి వస్తూనే ఉంది. అక్కడి బక్క కావలివాడు మల్లడు దూరం నుంచే దండం పెట్టి, పొద్దెక్కే దాకా ఎదురుచూసి, తానే తినేశాడు.

రెండో రోజూ అంతే. మూడో రోజు రాజు బొబ్బట్ల కోసం వరుస తప్పించబోతే పురోహితుడు రాగిరేకు చూపించాడు. పదో రోజు రాజు తాపీవాళ్లను పిలిపించి పన్నెండో బురుజును ఐదో బురుజు పక్కకు జరపమన్నాడు. వాళ్లు తాడు వేసి కొలిచి, రెండేళ్లు పడుతుందన్నారు. ఇరవయ్యో రోజుకు రాజు ఐదు వంటకాలకు అలవాటుపడ్డాడు.

విజయదశమి వచ్చింది. కొలువు కిటకిటలాడింది. సూరమ్మ గిన్నెల మూట చంకనపెట్టుకుని వాకిలి దగ్గరే నిలబడింది. తిప్పన త్రాసు ముల్లు నిలకడగా నిలిచేదాకా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఎనిమిది మణుగుల ఐదు వీశెలు."

పేరుభట్టు రెండు చేతులూ పైకెత్తాడు. "విన్నారా? ముప్పై రెండు వంటకాలూ రోజూ వండారు. ఒక్కటీ తగ్గలేదు. పరుగు, ఉత్త పరుగు. ఇక ఈ తూనికలవాణ్ణి సాగనంపండి."

"వెళతాను స్వామీ," అన్నాడు తిప్పన. "ఒక్క మాట అడిగి వెళతాను. శ్రావణంలో ప్రభువులు రోజూ ఎన్ని బురుజులు పరుగెత్తారు?"

"ముప్పై రెండు," అన్నాడు రాజు గర్వంగా.

"భాద్రపదంలో?"

రాజు పేరుభట్టు వైపు చూశాడు. పేరుభట్టు శాలువా అంచు వైపు చూశాడు.

"ఐదు," అన్నాడు రాజు.

"ముప్పై రెండు పరుగెత్తినప్పుడు మూడు వీశెలు పెరిగారు. ఐదు పరుగెత్తినప్పుడు ఆరు వీశెలు తగ్గారు. వైద్యులవారి లెక్కన చూస్తే, ప్రభువులు ఆ పరుగు కూడా మానేస్తే ఈపాటికి గాల్లో తేలాలి."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. పేరుభట్టు మాత్రం వదల్లేదు. "ఎంతైనా పరుగు పరుగే."

"అయితే మల్లణ్ణి పిలవండి."

మల్లడు లోపలికి రావడానికి కొంచెం సేపు పట్టింది. రెండు తలుపులూ తీయవలసి వచ్చింది.

"కావలివాళ్లు పాళీ మారేటప్పుడు బురుజు నుంచి బురుజుకు పరుగెత్తుతారు," అన్నాడు తిప్పన. "ఏమయ్యా మల్లా, ఈ నలభై రోజుల్లో పరుగు ఎప్పుడైనా మానావా?"

"లేదు దొరా. ఒక్కపూటా మానలేదు."

"కొత్తగా ఏం జరిగింది?"

మల్లడు సిగ్గుపడ్డాడు. "బొబ్బట్లు దొరా."

తూచి చూస్తే మల్లడు వీశె తక్కువ తొమ్మిది మణుగులు.

రాజు పేరుభట్టును చూశాడు, మల్లణ్ణి చూశాడు, తన నడుముకు వదులైపోయిన బంగారు మొలనూలు చూశాడు. ముందు బుగ్గలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత సింహాసనమే కదిలింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"ఒరే తిప్పనా, నా నోటి దగ్గరి కూడు నా చేతే దూరం చేయించావు గదరా."

"నేనెక్కడ ప్రభూ. నా పెళ్లాం చేసింది. నేను వసారాలో ఉంటే కుండ వంటింట్లోనే ఉంచింది."

రాజు త్రాసుకు వెండి గొలుసులు చేయించాడు. తిప్పనకు పట్టుశాలువా కప్పి, సూరమ్మకు రెండు కంచుగిన్నెలు ఇప్పించి, మూట విప్పుకోమన్నాడు. పేరుభట్టును శిక్షించలేదు. ముప్పై రెండో బురుజు మీది పాయసం ఇక మీదట ఆయనదేనని, పరుగెత్తి వెళ్లి తాగాలని మాత్రం ఆజ్ఞ ఇచ్చాడు.

ఆ సాయంత్రం పట్టపు గుర్రం రాజును చూసి ఒక్క క్షణం ఆలోచించి, నిలబడే ఉంది. జమ్మిపూజ జరిగింది.

ఆ ఏడు కార్తీకంలో కోట ఉత్తరపు దిడ్డివాకిలిలో ముగ్గురు కావలివాళ్లు ఇరుక్కుపోయారు. వాళ్లను బయటికి తీయడానికి రెండు బారల గోడ పడగొట్టారు.