వంకర బల్ల మీద కూర్చున్న మాణిక్యం

అనగా అనగా, ఏరు ఇప్పటికంటే వెడల్పుగా పారే కాలంలో, ఆ ఏటి నడుమ ఒక లంక ఉండేది. లంకలో కాసిని ఇళ్లు, కాసిని పశువులు, మిరప తోటలు. ఒడ్డుకు పోవాలంటే బల్లకట్టు ఒక్కటే దారి. రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, వాటి మీద అడ్డంగా బల్లలు పరిస్తే అదే బల్లకట్టు. మనుషులూ, బండ్లూ, ఎడ్లూ అన్నీ దాని మీదే దాటేవి.

ఆ లంకలో మాణిక్యం అనే ఆవిడ ఉండేది. ఆమె మొగుడు వడ్రంగి. అతను పోయాక అతని సుత్తి, బాడిస ఈమె చేతికొచ్చాయి. ఒకరింట్లో తలుపుకు గడియ బిగించేది, ఇంకొకరింట్లో మంచానికి కోడు వేసేది. అలా బతికేది. ఆమెకు ఒకటే జబ్బు, దిగులు. పొద్దున గడియ బిగించిన ఇంటికి సాయంత్రం మళ్లీ వెళ్లేది. "ఎందుకైనా మంచిది, ఒకసారి చూసి పోతా" అనేది. పొయ్యి ఆర్పి వీధిలోకొచ్చి, ఎందుకైనా మంచిదని మళ్లీ లోపలికి వెళ్లేది. జనం నవ్వుకునేవాళ్లు.

ఒక ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. ఏరు ఎర్రబడింది. ఒకనాటి తెల్లవారుజామున కొట్టుకొచ్చిన మాను ఒకటి రేవులో బల్లకట్టును గుద్దింది. పరిచిన బల్లలన్నీ ఊడి ఏటి పాలయ్యాయి. పడవలు మాత్రం మిగిలాయి. పడవల్ని విడివిడిగా వదిలితే ఆ ఉరవడికి నిలవవు. నీళ్లు అప్పటికే పల్లపు పొలాల్లోకి ఎక్కాయి. పొద్దుగూకేలోపు ఇళ్లలోకి వస్తాయని ముసలివాళ్లు చెప్పారు.

బల్లకట్టు నడిపే గంగులు పరుగున మాణిక్యం ఇంటికొచ్చాడు. పడవల మీద మళ్లీ బల్లలు పరిచిపెట్టమన్నాడు. ఆమె ఎప్పుడూ అంత పెద్ద పని చేసింది కాదు. మొగుడు కోయించి పెట్టిన తుమ్మ పలకలు పెరట్లో ఉన్న మాట నిజమే. కానీ అవి ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిశాయి. ఒకటి విల్లులా వంగింది. ఒకటి పాములా మెలిక తిరిగింది. ఒకటి చివర పైకి లేచి నిలబడింది.

"ఇవి తిన్నగా లేవు గంగులూ. సందులు పడతాయి. సందులో ఎద్దు కాలు దిగిందంటే బల్లకట్టు ఒరిగిపోద్ది" అంది.

"తిన్నవి మనకెక్కడున్నాయక్కా?" అన్నాడు గంగులు.

పలకలు రేవుకు మోయించింది.

మొదట రెండు పలకల వంపుల్ని ఎదురెదురుగా ఆనించింది. చివర్ల దగ్గర చెయ్యి పట్టేంత సందు పడింది. తీసేసింది. రెండోసారి తిప్పి పెట్టింది. చివర్లు కలిశాయి, నడుమ సందు పడింది. తీసేసింది. మూడోసారి పలకకు ఒక చివర మేకు దిగగొట్టి, రెండో చివర గడ్డపార ఆనించి, గంగుల్ని ఒరగమంది. పలక కిర్రుమంది. కొంచెం జరిగింది. జరిగినంత మేరా మేకు కొట్టింది. ఇంకొంచెం ఒరగమంది, ఇంకో మేకు కొట్టింది. అలా వంకర పలకను బతిమాలుతూ, బెదిరిస్తూ దారికి తెచ్చింది.

రెండు వైపుల నుంచీ నడుమకు పరుచుకొచ్చింది. పలక పలకకూ లేచి, సందు వెంట వట్టి కాలితో తడుముతూ నడిచేది. ఎందుకైనా మంచిదని ఇంకో మేకు కొట్టేది. అవతల నీళ్లు రేవు మెట్లన్నీ ఎక్కేశాయి. జనం పిల్లల్ని చంకనెత్తుకుని చూస్తున్నారు. ఆవేళ ఎవరూ నవ్వలేదు.

చివరికి నడుమ ఒక్క పలక పట్టే చోటు మిగిలింది. మిగిలిన పలక ఆ చివర లేచినదే. ఒక కొస మేకుకు లొంగింది. రెండో కొస చీలి ఉంది, ఎన్ని మేకులు కొట్టినా పట్టు దొరకలేదు. వదిలేద్దామంటే దూడ కాలు పట్టే సందు. మాణిక్యం సుత్తి కింద పెట్టింది. వెళ్లి ఆ లేచిన కొస మీద కూర్చుంది.

"నువ్వు నడుపు గంగులూ. నేను లేవను" అంది.

మొదటి దాటు ఆడవాళ్లూ పిల్లలూ. ఆమె ఏటి వైపు చూడలేదు. ప్రతి పాదాన్నీ చూసింది. ఏటి నడుమ పలక కింద నుంచి తన్నింది. పక్క పలకను గట్టిగా పట్టుకుంది. రెండో దాటు పశువులు. ఒక ఎద్దు ఆమె వేళ్ల పక్కనే గిట్ట పెట్టి ఆగింది. దాని ఊపిరి ఆమె మెడకు తగిలింది. "పో నాయనా, పో" అని గొణిగింది. అది కదిలింది. మూడో దాటు మగవాళ్లూ ముసలివాళ్లూ. అప్పటికి నీళ్లు బల్లల మీదికి చిమ్ముతున్నాయి. ఇక ఇటు వచ్చి తాడు పట్టుకోమని గంగులు బతిమాలాడు.

"నేను లేస్తే పలక లేస్తుంది" అంది మాణిక్యం.

ఒడ్డు చేరాక అందరూ దిగారు. ఆఖరి ముసలాయన కర్ర పొడుచుకుంటూ దిగిందాకా ఆమె కదల్లేదు. అప్పుడు లేచింది. పలక ఫెడేలుమని పైకి లేచింది. అందరూ చూశారు.

వరద తీశాక లంకకు తిరిగొచ్చారు. తిన్నని టేకు బల్లలు తెప్పించి బల్లకట్టు కొత్తగా పరిచారు. అయినా ఏరు పొంగితే చాలు, మాణిక్యం వచ్చి అదే చోట కూర్చునేది. ఇవి తిన్నవే కదక్కా, ఇంటి పట్టున ఉండరాదా అని గంగులు అడిగేవాడు. ఎందుకైనా మంచిదనేది. అలా తల నెరిసింది, నడుము వంగింది. ఒక ఎండాకాలం నిద్రలోనే పోయింది.

ఆ ఏడు మళ్లీ ఏరు పొంగింది. జనం రేవుకొచ్చారు. ఎవరూ బల్లకట్టు ఎక్కలేదు. అందరి చూపూ నడుమ ఉన్న ఖాళీ చోటు మీదే ఉంది. గంగులు పడవ నెట్టే గెడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి ముందుకు నడిచింది. వెళ్లి అక్కడ కూర్చుంది. అప్పుడు మిగతావాళ్లు ఎక్కారు.

ఆ ఏటి మీద ఇప్పటికీ అంతే. వరద రోజుల్లో ముందు ఎక్కిన ఆడమనిషి నడిమి బల్ల కొస మీద కూర్చుంటుంది. గెడ వేసేవాడు అడుగుతాడు.

"మాణిక్యం కూర్చుందా?"

"కూర్చుంది."

ఆ మాట వినపడందే ఆ రేవులో గెడ నీళ్లలోకి దిగదు.