నక్క కొలిచిన అడవి

ఆ ఏడు గోగుకొండ అడవిలో ఎండలు ముదరకముందే చెలమలు అడుగంటాయి. అడవిదున్నల మందకు పెద్ద కొండన్న. తూర్పున ఏరు దాటితే అవతల దట్టమైన అడవి ఉందని ఆయనకు తెలుసు. కానీ ఏటి దాకా పోయే దారికి రెండు పక్కలా మనుషులు చెట్లు కొట్టుకుంటూ వస్తున్నారు. పోవాలంటే ఇప్పుడే పోవాలి. మందలో చూస్తే అప్పుడే పుట్టిన దూడలున్నాయి.

"మన అడవి ఎంత తరిగిందో తెలిస్తేగానీ ఉండాలో పోవాలో తేలదు," అన్నాడు కొండన్న. కొలిచి రమ్మని, చెట్ల మీదే తిరిగే పెద్ద ఉడుత, బెట్టుడుత సీతాలునీ, నక్క గవరయ్యనీ పంపాడు.

సీతాలు తిరిగొచ్చేసరికి దాని అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి.

"మామా, మా అమ్మమ్మ ఈ కొండ నుంచి ఏటి దాకా కొమ్మ మీంచి కొమ్మకు దూకుతూ పోయేది. కాలు నేలకు ఆనేదే కాదు. మా అమ్మ కాలానికి మధ్యలో ఒకచోట దిగి పరుగెత్తాల్సి వచ్చింది. నేను దూకింది తక్కువ, నడిచిందే ఎక్కువ. మా అమ్మమ్మ తిరిగిన అడవిలో సగం కూడా మిగల్లేదు. దూడల్ని తీసుకుని ఈ పూటే కదలండి."

మంద బిక్కచచ్చిపోయింది. గవరయ్య మాత్రం తీరిగ్గా తోక సర్దుకుని నవ్వాడు.

"కొమ్మలు కొలిచినమ్మకు కొమ్మలే కనిపిస్తాయి. నేను శిఖరమెక్కి చుట్టూ చూశాను మామా. తూర్పున తగ్గిన మాట నిజమే. పడమటి వాలు చూడు, కనుచూపుమేరా పచ్చగా ఉంది!"

"అది మనుషులు నాటిన నీలగిరి తోట," అంది సీతాలు.

"చెట్లా, కాదా?"

"చెట్లే. కానీ వాటి కింద గడ్డి..."

"పచ్చగా ఉన్నాయా, లేదా?"

"ఉన్నాయి, కానీ..."

"ఇంకేం! ఇటు పోయింది అటు వచ్చింది. మామా, మన అడవి ఇసుమంత కూడా తగ్గలేదు."

మంద వెళ్లిపోతే గవరయ్యకు తిండి ఉండదు. నీరసించి వెనకబడ్డ దూడలే వాడి ఆధారం. ఆ సంగతి కొండన్నకు తెలియంది కాదు. సీతాలు అబద్ధమాడదనీ తెలుసు. కానీ ఎదురుగా ఓ దూడ వణికే కాళ్ల మీద నిలబడి తల్లి పాలు కుడుస్తోంది. దాన్ని చూశాక ఆయనకు నక్క మాటే నిజం కావాలనిపించింది.

"ఈ ఏడాదికి ఇక్కడే ఉండిపోదాం," అన్నాడు. మందంతా ఊపిరి పీల్చుకుంది.

"వచ్చే ఏడాదికి దారుండదు మామా!" అంది సీతాలు.

"ఆ పాడు నోరు మూసుకోవే," అని కసిరింది ఓ ముసలి దున్న.

ఎండలు ముదిరాయి. చివరి చెలమ కూడా ఇంకిపోయాక మంద పడమటి వాలుకు నడిచింది. వరసలు వరసలుగా చెట్లు, కింద ఎండాకులు. గడ్డి పరక లేదు, నీటి చుక్క లేదు. ఓ దూడ ఆకు నమిలి, ఘాటుకు ఉమ్మేసి, మళ్లీ ఆకలికి అదే ఆకు అందుకుంది.

కొండన్న మందను వెనక్కి తిప్పి తూర్పుకు పరుగెత్తించాడు. అక్కడ చెట్లు లేవు. మొద్దుల్ని పెకలిస్తున్న యంత్రాలున్నాయి, వాటి ముందు ఈ కొస నుంచి ఆ కొసకు ముళ్లకంచె ఉంది. కంచె ఇవతల మిగిలిన ఒంటి మద్దిచెట్టు మీద సీతాలు కూర్చుని ఉంది.

"ఎక్కడైనా సందు కనిపిస్తోందా తల్లీ?" అని అడిగాడు కొండన్న.

"లేదు మామా," అంది సీతాలు.

దూడలు ఒకటొకటే కూలాయి. గవరయ్య కొన్నాళ్లు కడుపు నింపుకున్నాడు. తర్వాత వాడికీ నీళ్లు కరువై, ఎండిన చెలమ పక్కన నాలుక వేలాడేసుకుని పడిపోయాడు. కొండన్న తూలుకుంటూ వెళ్లి వాడి మీద కొమ్ము ఎత్తాడు.

"ఏదిరా నువ్వు కొలిచిన అడవి?"

"రెండు కొలతలు నీ ముందు పెట్టాం మామా," అన్నాడు గవరయ్య కళ్లు తెరవకుండానే. "ఏరుకున్నది నువ్వే."

కొండన్న కొమ్ము దించేశాడు. వెనక ఓ తల్లి దున్న చచ్చిన దూడను ఇంకా నాకుతూనే ఉంది.

పోయినదెంతో కొలుచుకోవడానికి భయపడితే, ఉన్నది కూడా దక్కదు.