నిండుకున్న కుండ

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి ఒక రేవు. ఆ రేవులో ఒక పడవ. పడవ నడిపేవాడి పేరు అప్పన్న, వాడి పెళ్ళాం పేరు పైడమ్మ. ఎందుకే అలా దొర్లుతావు? కాస్త నా పక్కకి జరిగి పడుకో. పైడమ్మ కూడా అచ్చం నీలాగే, ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు. ఊఁ కొడుతూ విను మరి.

ఆ ఇంట్లో ముగ్గురే. అప్పన్న, పైడమ్మ, అప్పన్న వాళ్ళమ్మ. రేవులో పడవ ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. వానలకి ఏరు పొంగిందా, పడవని గట్టుమీద చింతమొద్దుకి కట్టేయడమే. మళ్ళీ నీళ్ళు తగ్గేదాకా, అంటే మూడు నెలలపాటు, పైసా రాదు. ఉన్నదాంతోనే నెట్టుకురావాలి.

అప్పన్నది మెత్తని మనసు. దారిన పోయేవాడు ఆకలిమొహంతో కనిపిస్తే చాలు, ఇంటికి పిలుచుకొచ్చి పీట వేసేవాడు. మంచివాడే, కాదనను. కానీ వండేది వాడు కాదుగా.

అత్తగారికేమో ఒక పట్టింపు. ఇంట్లో ఏది అయిపోయినా 'అయిపోయింది' అనకూడదు, 'లేదు' అనకూడదు. లక్ష్మీదేవి వింటే అలిగి వెళ్ళిపోతుందట. ఉప్పు అయిపోతే ఉప్పు నిండుకుంది అనాలి. పప్పు అయిపోతే పప్పు నిండుకుంది అనాలి. మా అమ్మా అలాగే అనేది, నేనూ అలాగే అంటాను. మీ అమ్మకే ఆ మాట నోరు తిరగదు.

ఆ ఏడు ఏరు పది రోజులు ముందే పొంగింది. పడవ కట్టేసిన రోజు నుంచి పైడమ్మకి మనసు మనసులో లేదు. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోకీ వాకిట్లోకీ తిరిగేది. కూర్చుంటే లేచేది, బియ్యపు బాన మూత తీసేది, చూసేది, మళ్ళీ పెట్టేది. ఇంకో గంటకి మళ్ళీ లేచేది, తీసేది, చూసేది, పెట్టేది. చూసినంత మాత్రాన గింజలు పెరుగుతాయా చెప్పు? అయినా చూడకుండా ఉండలేకపోయేది.

అప్పుడు ఒక పని మొదలుపెట్టింది. వండబోయే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు వెనక్కి తీసేది. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు. ఎవరూ చూడకుండా అటకెక్కి, పాత చేటల వెనకున్న మట్టికుండలో పోసేది. ఆ చీకట్లో ఎంతయిందో తనకీ కనబడేది కాదు. అత్తకి చెప్పలేదు, మొగుడికి అసలే చెప్పలేదు. చెబితే రేవు రేవంతా వచ్చి విస్తళ్ళ ముందు కూర్చుంటుందని దాని భయం.

ఆషాఢం వెళ్ళేసరికి, "మావా, నూనె నిండుకుంది" అంది. ఆ రోజు నుంచి దీపం వెలిగించే పని లేకుండా పొద్దుండగానే అన్నాలు తినేశారు. తాలింపు మానేశారు. నానేసిన చింతపండుని మొదటిరోజు పులుసుకి పిసికింది, రెండోరోజు చారుకి పిసికింది, మూడోరోజు ఆ పిప్పితోనే చెంబులు తోమింది. ఆ వారమే ఊళ్ళో షావుకారు గవరయ్య వచ్చి, రెండు బస్తాల బియ్యం ఇస్తాను, పడవ ఇచ్చెయ్యమన్నాడు. అప్పన్న నవ్వి ఊరుకున్నాడు.

ఆ తర్వాత శ్రావణం వెళ్ళింది. "మావా, పప్పు నిండుకుంది" అంది. పెరట్లో మునగాకు దూసి కూర వండింది. గంజి చుక్క పారబోయకుండా ఉప్పేసి ముగ్గురికీ పోసింది. వరదకి కొట్టుకొచ్చిన పుల్లలు ఏరి, పొయ్యి పక్కనే ఆరబెట్టి, వాటితోనే వండింది. గవరయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి అప్పన్న నవ్వలేదు.

"ఇంట్లో గింజలున్నన్నాళ్ళూ పడవ ఇవ్వను బాబూ. నిండుకున్న రోజున నేనే వచ్చి పగ్గం నీ చేతిలో పెడతాను" అన్నాడు.

ఆ మాట పైడమ్మ చెవిన పడింది. పడవ పోతే ఇంకేముంది? మొగుడు తన పడవ మీదే కూలికి తెడ్డు వెయ్యాలి. అటకమీద కుండ సంగతి చెప్పేద్దామా అని మాట నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే తడిసి ముద్దైన బైరాగి ఒకడు వాకిట్లో నిలబడ్డాడు. "లోపలికి రా సామీ, తిందువుగాని" అన్నాడు అప్పన్న. పైడమ్మ నోరు మూసుకుంది.

భాద్రపదం వచ్చింది. వాన ఆగదు, ఏరు తగ్గదు, పైడమ్మ కాలు నిలవదు. లేవడం, మూత తీయడం, చూడడం, పెట్టడం. ఒక పొద్దున బానలో చెయ్యి పెడితే అడుగు చల్లగా తగిలింది. నిచ్చెనెక్కింది. చేటలు పక్కకి జరిపింది. కుండని వెలుతురులోకి లాగి మూత తీసింది.

అంచుదాకా బియ్యం. అంచు దాటి ఇంత ఎత్తు గుట్టగా నిలబడ్డాయి. గుప్పెడు గుప్పెడే, చూడు, ఎంతయ్యాయో. ఏరు తగ్గేదాకా ఇంకో పదిహేను రోజులు తిన్నా మిగులుతాయి. పైడమ్మకి ఒళ్ళు తెలియలేదు. అటకమీంచే, వాకిట్లో ఉన్న మొగుడికి వినబడేలా గొంతెత్తి అరిచింది.

"మావా, కుండ నిండుకుంది!"

ఊఁ అన్నావు కానీ, ఏమైందో తెలిసిందా నీకు?

పైడమ్మ నవ్వుకుంటూ నిచ్చెన దిగి వాకిట్లోకి వచ్చింది. అప్పన్న లేడు. అరుగుమీద అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"అయితే పడవ పోయినట్టేనటే? బిడ్డ తలకి తాటాకు గిడుగైనా పెట్టుకోకుండా ఎల్లిపోనాడు" అంది.

అప్పుడు అర్థమైంది పైడమ్మకి, తను ఏమందో, వాడు ఏం విన్నాడో. గబగబా మళ్ళీ అటకెక్కింది. కుండ దించింది, మూత బిగించి నెత్తిన పెట్టుకుంది, వానలో పరుగెత్తింది. బురదలో ఒకసారి జారింది, ముళ్ళకంపకి ఒకసారి చీర చిక్కింది, మూడోసారి ఊపిరి అందక ఆగింది. అయినా కుండ మీద చెయ్యి తీయలేదు.

రేవులో గవరయ్య గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. అప్పన్న మొద్దు నుంచి పగ్గం విప్పి చేతికి అందిస్తున్నాడు.

"మావా, ఆగు. నిండుకుంది అంటే నిండుకోవడం కాదు. నిండింది. అంటే, నిండుగా నిండుకుంది" అంది పైడమ్మ ఆయాసపడుతూ.

అప్పన్నకి ముక్క అర్థం కాలేదు. "అదే కదమ్మా అతనూ చెప్పాడు" అన్నాడు గవరయ్య.

ఎలా చెప్పాలి? కుండనిండా ఉన్నదాన్ని ఉందని చెప్పడానికి ఆ ఇంట్లో మాటే మిగల్లేదు. పైడమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ ఇంట్లో కాలుపెట్టాక ఎన్నడూ అనని మాట అనేసింది.

"అయిపోలేదు మావా. మన బియ్యం అయిపోలేదు."

అని కుండ దించి మూత తీసింది, వాడి చేతిలో పగ్గం లాగేసి, ఆ చేతిని కుండలో పెట్టింది. మోచేతిదాకా దిగిపోయింది చెయ్యి. అప్పన్న ఆ చేతిని చాలాసేపు బయటికి తీయలేదు. వాడి మొహం మీద కారేది వానో కన్నీళ్ళో పైడమ్మ అడగలేదు. ఆ తర్వాత పగ్గం తీసుకుని మళ్ళీ మొద్దుకి మూడు ముళ్ళు వేశాడు. గవరయ్య గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక పైడమ్మ తల దించుకుని అత్త ముందు నిలబడింది. "ఆ మాట అనేశానత్తా" అంది.

అత్త దాని తడిసిన తల కొంగుతో తుడిచింది. "లచ్చిమికి చెవుడేటి? నువ్వేటన్నావో విన్నాది, ఎందుకన్నావో కూడా విన్నాది. పోయి ఎసరు పెట్టు" అంది.

పైడమ్మ ఎసరు పెట్టింది. బియ్యం కొలిచింది. ఇంతలో అప్పన్న వచ్చి, కొలిచిన బియ్యంలోంచి తనే ఒక గుప్పెడు తీసి కుండలో వేశాడు. వాడిది పడవవాడి చెయ్యి, పైడమ్మ గుప్పెడికి రెండింతలు.

పన్నెండో రోజున ఏరు తగ్గింది. పడవ నీళ్ళలోకి దిగింది. అందరూ అవతలి గట్టుకి దాటుతుంటే, పైడమ్మ ఇవతలి గట్టున కూర్చుంది. లేవలేదు, ఏ మూతా తీయలేదు, ఊరికే అలా కూర్చుని చూసింది.

ఊఁ కొట్టడం ఎప్పుడు ఆపేశావే? సరే, నువ్వూ కుదురుకున్నావన్నమాట.

కథ కంచికి,
కుండ అటకకి,
పడవ రేవుకి,
కునుకు నీ కంటికి.