తొలివానకు వచ్చే మద్దిలేటి

రాళ్ళింకా మెత్తగా ఉండిన కాలమంట. ఎన్నేండ్ల కిందటో చెప్పేవాళ్ళు లేరు. అప్పుడు సుంకులమ్మ అని ఒక ఒంటరి మనిషి ఉండేది. మొగుడు లేడు, బిడ్డల్లేరు. ఉన్న గుడిసె ముసురుకు కూలిపోయింది. పక్కింటోళ్ళ ఎద్దుల కొట్టంలో, ఎద్దుల పక్కనే పండుకునేది. మళ్ళీ వానలొచ్చేలోపల తనదంటూ ఒక మట్టి మిద్దె కావాల. కట్టే మనిషి కావాల.

మొదటి మేస్త్రి వచ్చినాడు. "పదిరోజుల్లో పాలు పొంగిస్తావు చూడక్కా" అన్నాడు. మోకాలెత్తు గోడ లేపి పోయినాడు. మళ్ళీ రాలేదు.

రెండో మేస్త్రి వచ్చినాడు. "ఇదీ ఒక గోడేనా!" అని నవ్వి దాన్ని పడగొట్టినాడు. నడుమెత్తు లేపి పోయినాడు. మళ్ళీ రాలేదు.

మూడో మనిషి మద్దిలేటి. భుజాన ఒక పార, నెత్తిన ఒక తువ్వాల. మాట తక్కువ.

"ఎన్నాళ్ళకు కడతావప్పా?"

"చెప్పలేనమ్మా. ఒక వరస మట్టి ఆరితేనే ఇంకో వరస."

"నడిమధ్యలో పోతావా?"

"పోను. తొలివానకు గూడా వస్తా. కారితే నోరారా తిట్టు."

"తిట్టడానికైనా మనిషి కనబడాల గదా!" అని సుంకులమ్మ నవ్వింది. చాన్నాళ్ళకు నవ్వింది.

వరస పెట్టినాడు, ఆరనిచ్చినాడు. వరస పెట్టినాడు, ఆరనిచ్చినాడు. దూలాలేసి, నీళ్ళు దిగనీయని చవుడు మట్టి పైన పరిచి తొక్కినాడు. పోయినాడు.

తొలివాన పడింది. తడిసి ముద్దయి వాకిట్లో మద్దిలేటి!

"కారుతోందా అమ్మా?"

మూలన ఒక్క చుక్క. మిద్దెక్కి గుప్పెడు చవుడు అదిమి దిగినాడు.

"సంగటి తినిపో నాయనా."

"నేను కట్టిన ఇంకో ఇల్లు చూసిరావాలమ్మా."

మరుసటేడు వచ్చినాడు. ఆ పైయేడూ వచ్చినాడు. మిద్దె కారడం మానింది గానీ ఆయన రావడం మానలేదు. ఏడాదికి ఆ ఒక్క పలకరింపు కోసం సుంకులమ్మ మబ్బుల కేసి చూసేది.

ఒక ఏడు తొలివాన పడింది. రాలేదు. రెండోవాన పడింది. రాలేదు. మూడోవాన పడింది. రాలేదు.

సుంకులమ్మ గోనెసంచి కప్పుకొని బయల్దేరింది. మొదటి ఊర్లో ఆయన కట్టిన ఇంటి తలుపు తెరిచే ఉంది. "మేస్త్రి వచ్చినాడా?" అంటే, "మేమూ ఆయన కోసమే చూస్తాండాం" అన్నారు. రెండో ఊర్లోనూ అదే మాట. ఆయనది ఏ ఊరో ఎవరికీ తెలీదు. ఎవరూ అడగలేదు. ఇన్నేండ్లూ తనూ అడగలేదు.

మూడో ఊరి పొలిమేరలో గొర్రెలు కాసుకునే ఒకాయన చెప్పినాడు.

"ఆ మేస్త్రా? ఎండాకాలంలోనే పోయినాడు గదమ్మా. ఎవరూ లేకపోతే మేమే మట్టిలో పెడితిమి. అదిగో ఆయన మిద్దె."

సుంకులమ్మ తలుపు తోసింది. మూడు వానలకు లోపల చుక్క కారలేదు. ఒక చాప, ఒక కుండ. మనిషి లేడు.

"కారుతోందా నాయనా?" అని అడిగింది. ఎవరున్నారు పలకడానికి? వాన వెలిసేదాకా ఆ చాప మీదనే కూచుంది.

ఆ పక్క ఊర్లలో ఇప్పటికీ మేస్త్రిని కుదుర్చుకోవాలంటే ముందు ఆయన ఇల్లు చూసొస్తారంట. తోడెవరున్నారని అడుగుతారంట. తొలివాన పడిననాడు సంగటిముద్ద మూట కట్టుకొని, తమ ఇల్లు కట్టిన మేస్త్రి వాకిట్లో నిలబడి "కారుతోందా మేస్త్రీ?" అంటారంట.

కారదని తెలుసు. అయినా పోయి అడుగుతారు.