ఇందుమతి మెళ్ళో బిళ్ళ

అనగా అనగా గోదారి పాయ పక్కన ఒక ఊరుందిట. ఆ ఊళ్ళో పెళ్ళి కుదిరిన జంటలు ముందు ఎక్కడికెళ్ళేవో చెప్పు చూద్దాం? గుడికా? కాదు. సినిమాకా? ఊహూ. నాగభూషణాచారి కొట్టుకి.

నిశ్చితార్థానికి ఉంగరాలంటే ఆ చుట్టుపక్కల అతనిదే పేరు. అందులోనూ పాత నగ పట్టుకెళ్తే దాన్ని కరిగించి కొత్త ఉంగరం చెయ్యడంలో అతన్ని మించినవాడు లేడు. ఒకావిడ తాతమ్మగారి వంకీ తెస్తే పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ జత ఉంగరాలు చేశాడు. ఇంకొకావిడ జడలో పెట్టుకునే పాతకాలం బంగారు చేమంతిపువ్వు తెస్తే ఆ రేకులు ఉంగరం మీద అలాగే వచ్చేలా దిద్ది ఇచ్చాడు.

కానీ అతనికో తిక్క ఉంది. నగ చేతికివ్వగానే త్రాసులో వెయ్యడు. "ఇది ఎవరిది? ఎప్పుడు పెట్టుకునేవారు? ఎక్కడ పెట్టుకునేవారు?" అని అడుగుతాడు. ఆ మూడూ చెప్తేనే కుంపటి రాజేస్తాడు. నీలాగే అన్నమాట, ఎందుకు, ఏమిటి అని ఎదుటివాళ్ళ ప్రాణం తోడేసే రకం.

అలా ఉండగా ఒకనాడు ఇందుమతి అనే అమ్మాయి, తనని చేసుకోబోయే భార్గవని వెంటబెట్టుకుని ఆ కొట్టుకొచ్చింది. పాపం, ఇందుమతికి అమ్మ లేదమ్మా. పిల్ల ఇంకా పాకుతూ ఉండగానే ఆ తల్లికి జ్వరం వచ్చి పోయింది. బస్సు డ్రైవరు తండ్రి, ఆయనొక్కడే పెంచాడు.

నిశ్చితార్థంలో పిల్లాడికి ఉంగరం పిల్లవైపు వాళ్ళు పెట్టాలి కదా. అందుకని ఇందుమతి తన మెళ్ళో ఉన్న నల్లతాడు విప్పి, దానికున్న బంగారు బిళ్ళని నాగభూషణం అరచేతిలో పెట్టింది.

"ఇది మా అమ్మది ఆచారిగారూ. దీంతో ఈయనకి ఉంగరం చెయ్యాలి," అంది.

అది రావాకు ఆకారంలో ఉన్న చిన్న బిళ్ళ. మీద సన్నగా గీతలున్నాయి, ఆకు ఈనెల్లా. ఆ అమ్మాయికి అమ్మ మొహం గుర్తులేదు, గొంతు గుర్తులేదు. అమ్మ పెట్టెలో దొరికిన ఆ బిళ్ళే గుర్తు. చిన్నప్పుడు భయమేసినా, పరీక్షలప్పుడు వణుకొచ్చినా దాన్ని గుప్పిట్లో పట్టుకునేది. అదే ఉంగరమైతే పెళ్ళిలో అమ్మ కూడా ఉన్నట్టే అనుకుంది.

నాగభూషణం దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చూశాడు.

"ఇది మెళ్ళోది కాదమ్మా," అన్నాడు.

"అదేంటండీ, నేను ఎప్పుడూ మెళ్ళోనే వేసుకుంటాను."

"మీరు వేసుకుంటున్నారు, నిజమే. కానీ చేసినవాడు మెడ కోసం చెయ్యలేదు. ఈ కొక్కెం చూడండి, ఎంత లావో. గొలుసు కోసమైతే ఇంత ఎందుకూ? ఇది లావుపాటి తాడుకి ఎక్కించేది. పైగా బిళ్ళ కాస్త లోపలికి వంగి ఉంది."

"పాపిడిబిళ్ళేమో?" అన్నాడు భార్గవ. నాగభూషణం పెట్టి చూశాడు. నిలవలేదు. "పోనీ జడలోదా?" అంటే జడ మీద పెట్టి చూశారు. జారిపోయింది. అప్పుడు భార్గవ దాన్ని తన చెవికి ఆనించుకుని అద్దంలో చూసుకున్నాడు. ఇందుమతి ఫక్కున నవ్వింది.

నాగభూషణానికి మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్ళుగా నగలు చూస్తున్నాడు, ఇది ఏమిటో తెలీలేదంటే అతనికి ఒళ్ళు మండింది.

"ఇది ఏమిటో తెలిసేదాకా నేను నిప్పు మీద పెట్టను తల్లీ. కరిగించేశాక ఎవరినైనా అడగాలన్నా చూపించడానికి ఏమీ ఉండదు. లోపల మా అమ్మ ఉంది, ముందు ఆవిణ్ణి అడుగుదాం పదండి," అన్నాడు.

వెనక వసారాలో వాళ్ళమ్మ కాళికాంబ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. బిళ్ళ చూడగానే ఆవిడ నోరు తెరిచింది. ఆ తర్వాత నవ్వింది చూడు! పళ్ళెం ఒళ్ళోంచి జారిపోయి చింతపండంతా నేల పాలయింది.

"అమ్మా, ఏమిటే అది?" అన్నాడు నాగభూషణం.

"పోరా! మగపిల్లల ముందు ఏమిటా మాటలు," అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇందుమతి బతిమాలింది. "నేను చెప్పనమ్మా, మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు," అని మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.

ఇంట్లో పెద్దవాళ్ళెవరున్నారు? తండ్రి తప్ప ఎవరూ లేరు. ఆ తర్వాత భార్గవ అన్నాడు, "మా నాయనమ్మకి తెలియని నగ ఉండదు. పద, మా ఇంటికెళ్దాం."

నాయనమ్మ పేరు భ్రమరాంబ. మంచావిడే గానీ మాట కరుకు. మన వీధి చివరావిడ లేదూ, అలాగ. ఆవిడ కూడా బిళ్ళ చూసి మొదట పకపకా నవ్వింది. "ఎన్నాళ్ళయిందే దీన్ని చూసి! బంగారంతో కూడానా! ఎక్కడిదే పిల్లా?"

"మా అమ్మదండీ. దీంతో ఈయనకి ఉంగరం చేయిద్దామని..."

అంతే. నవ్వు ఠక్కున ఆగిపోయింది. భ్రమరాంబ బిళ్ళని ఇందుమతి చేతిలో పెట్టేసింది.

"దీంతో చేసిన ఉంగరం మావాడు పెట్టుకోడు. నేను పెట్టుకోనివ్వను."

"ఎందుకు నాయనమ్మా?" అన్నాడు భార్గవ.

"ఎందుకేమిట్రా? పదిమందిలో నవ్వులపాలు అవడానికా? ఇంకేదైనా పెట్టమను. లేకపోతే అసలు వద్దను. నన్నింక అడక్కు." ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఏమిటే? అదేంటో నాకు తెలుసా అనా? తెలుసు. చెప్పను. దుప్పటి కాళ్ళతో తన్నకుండా పడుకో, అదే వస్తుంది కథలో.

ఇందుమతి ఇంటికైతే వచ్చింది గానీ అన్నం తినలేకపోయింది. ఒకావిడ నవ్వింది. ఒకావిడ నవ్వి కోప్పడింది. ఇన్నాళ్ళూ దేవుడి పటంలా చూసుకున్న బిళ్ళ, నలుగురిలో చెప్పుకోలేనిదా? అమ్మ ఏమైనా తప్పు పని చేసిందా? పెళ్ళి ఆగిపోతుందన్న భయం కంటే కూడా ఆ పిల్లకి ఆ సంగతే గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది. అమ్మ గురించి తెలిసింది ఒక్కటే, అది కూడా తెలియనిదే అయిపోయింది.

అప్పుడు తండ్రిని అడిగింది. ఆయనెప్పుడూ భార్య పేరెత్తితే కండువా మొహాన వేసుకుని పడుకునే మనిషి. ఆ రోజు కూడా వేసుకున్నాడు. కానీ ఈసారి కండువా లోంచే అన్నాడు, "మగవాణ్ణి, నాకేం తెలుసమ్మా ఆ నగల సంగతి. నువ్వు పుట్టింది మీ అమ్మమ్మ వాళ్ళ లంకలో. ఇప్పుడు అక్కడ మనవాళ్ళెవరూ లేరు. నీకు లాల పోసిన అచ్చియ్యమ్మ ఉంది. ఆవిణ్ణి అడిగిరా."

లంక అంటే తెలుసుగా? గోదారి మధ్యలో ఉండే ఊరు. తెల్లారి ఇందుమతి పడవెక్కింది. నాగభూషణం కొట్టు మూసేసి, తనూ వస్తానని రేవు దాకా వచ్చాడు. అంత ఆత్రం అతనికి! "మీరుంటే ఆవిడ కూడా చెప్పదు ఆచారిగారూ," అని ఇందుమతి వెనక్కి పంపేసింది.

అచ్చియ్యమ్మ అరటితోట పక్కన పాకలో ఉంది. చూపు బాగా తగ్గిపోయింది. ఆ లంకలో పుట్టిన పిల్లలందరికీ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని నలుగు పెట్టి స్నానం చేయించిన మనిషి. ఇందుమతి తనెవరో చెప్పి బిళ్ళ చేతిలో పెట్టింది. ఆవిడ వేళ్ళతో తడిమింది. ఆకు అంచు తడిమింది, కొక్కెం తడిమింది. ఆ తర్వాత ఆవిడ కూడా నవ్వింది.

"మీరు కూడా నవ్వుతారేంటి మామ్మా," అని ఇందుమతి ఏడుపు గొంతుతో అంది. "మా అమ్మ ఇది ఎక్కడ పెట్టుకునేదో చెప్పండి."

"మీ అమ్మ పెట్టుకోవడమేటే పిచ్చితల్లీ! ఇది మీ అమ్మది కాదు. నీది. నా చేత్తో నీ మొలకి నేనే కట్టాను."

ఇంక విను. పూర్వం చంటిపిల్లలకి ఇప్పటిలా లాగులూ గౌన్లూ ఎక్కడివి? పాకే పిల్లలు ఒంటి మీద నూలుపోగు లేకుండా ఇల్లంతా తిరిగేవాళ్ళు. ఆడపిల్లకైతే మొలతాడుకి ముందువైపు ఇలాంటి రావాకు బిళ్ళ ఒకటి కట్టేవాళ్ళు, మరుగుకి. దాని పేరు సిగ్గుబిళ్ళ. ఒడ్డునున్న ఊళ్ళల్లో ఆ అలవాటు ఎప్పుడో పోయింది, లంకలో ఇంకా ఉండేది. నవ్వింది చాలు, గోడవతల మీ తాతయ్య లేస్తారు!

ఇందుమతి మొహం మందారంలా ఎర్రబడింది. ఇన్నాళ్ళూ దాన్ని మెళ్ళో వేసుకుని కాలేజీకి వెళ్ళింది, పెళ్ళిళ్ళకి వెళ్ళింది, పెళ్ళిచూపుల్లో కూడా అదే. తలుచుకుంటే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

"అందరి పిల్లలకీ వెండిదే కట్టేవోరు," అంది అచ్చియ్యమ్మ. "మీ అమ్మ మాత్రం బంగారంది చేయిస్తానని కూచుంది. ఉన్నయ్యేమో రెండే కమ్మలు. అయ్యి తీసి కరిగించేసింది. లంకంతా నవ్వింది దాన్ని చూసి. నేనూ తిట్టాను. ఏటే, రేపు పిల్ల లేచి నడిస్తే ఇది మూలన పడేసేదే కదే అన్నాను."

"అమ్మేమంది?"

"పడెయ్యను మామ్మా, దాస్తానంది. పిల్ల పెద్దయ్యాక ఈ బిళ్ళే కరిగించుకుని, దానిక్కావలసింది అదే చేయించుకుంటాది అంది. నేనేం చేయించినా అది నా ముచ్చటే అవుద్ది, దాని ముచ్చట దాన్నే తీర్చుకోనీ అంది. చెవుల్లో వేపపుల్లలు పెట్టుకుని తిరిగేది. మీ నాన్న కమ్మలేవే అంటే నవ్వేసి ఊరుకునేది."

ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటే ఉంది. అందులో ఆవిడ చెవులకి కమ్మలుండవు. ఎందుకుండవో ఇందుమతికి ఇప్పుడు తెలిసింది. అచ్చియ్యమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. అది దుఃఖమో సంతోషమో ఆ పిల్లకే తెలీలేదు. తనకి అమ్మ గురించి ఏమీ తెలియదనుకుంది గానీ, అమ్మ తన గురించి అంత ముందుకి ఆలోచించిందని కలలో కూడా అనుకోలేదు.

ఆ తర్వాత పడవ దిగి తిన్నగా భార్గవ ఇంటికే వెళ్ళింది. సిగ్గుపడి దాచుకోలేదు. భార్గవ ముందు, భ్రమరాంబ ముందు, మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది.

"మా అమ్మ నన్ను నాకు కావలసింది చేయించుకోమంది. నాక్కావలసింది ఈ ఉంగరమే. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, ఇంకోటి కొంటాం. కానీ మా అమ్మ నవ్వులపాలయ్యే పని ఏదీ చెయ్యలేదు," అంది.

భార్గవ ముందు నవ్వు ఆపుకోవాలని చూశాడు. ఆగలేదు. గోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. "నేను దాన్ని చెవికి పెట్టుకుని అద్దంలో చూసుకున్నానే!" అన్నాడు. దాంతో ఇందుమతికి కూడా ఏడుపులోనే నవ్వొచ్చింది.

భ్రమరాంబ నవ్వలేదు. "అంతా బాగానే ఉంది. రేపు పీటల మీద ఎవరైనా ఇది దేంతో చేశారని అడిగితే ఏం చెప్తావురా?" అంది.

అప్పుడు భార్గవ నవ్వు ఆపి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"నాయనమ్మా, అల్లుడికి ఉంగరం పెట్టేది ఎవరు?"

"అత్తగారు, మామగారు. ఇంకెవరు?"

"మరి మా అత్తగారిని పెట్టనీవే. ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు."

భ్రమరాంబ చెయ్యి చాచింది. బిళ్ళ తీసుకుని కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత నాగభూషణం కుంపటి రాజేశాడు. సంగతి విన్నాక అతనికి కడుపు నిండిపోయింది, ఆ రోజంతా ఈల వేస్తూనే పని చేశాడు. ఉంగరం మీద సన్నటి ఈనెలు దిద్దాడు, ఆకు ఈనెల్లాంటివే.

నిశ్చితార్థం రోజు పందిట్లో అందరూ ఉంగరం చూస్తామని మూగారు. "బాగుందే, ఎవరు చేయించారు?" అని ఒకావిడ అడిగింది. భార్గవ నోరు తెరిచేలోపే భ్రమరాంబ పైకి లేచింది. పందిరంతా వినపడేలా చెప్పింది.

"వాళ్ళ అత్తగారు! చెవుల్లో కమ్మలు తీసి పెట్టింది మావాడికి!"

పందిరి చివర కుర్చీలో ఇందుమతి తండ్రి కూర్చున్నాడు. ఆ మాట వినగానే భుజం మీది కండువా తీశాడు. ఎప్పటిలా మొహాన వేసుకోలేదమ్మా. కళ్ళు తుడుచుకుని, మడిచి ఒళ్ళో పెట్టుకుని, అల్లుడి వేలినే చూస్తూ కూర్చున్నాడు.

కథేమో కంచికి పడవెక్కె,
బంగారు బిళ్ళేమో వేలికెక్కె,
పాప కంటికేమో నిదరెక్కె,
ఇంటికొచ్చిన పిల్లేమో మంచమెక్కె.